చేమిరి పేరుతో ఒక ఫోల్డరు

పొద్దున క్యారియర్‌లోకి పెరుగన్నం కలిపే ముందు కస్తూరి ఒక చెంచా పెరుగు తీసి చిన్న స్టీలు గిన్నెలో వేసి మూత పెడుతుంది. రాత్రికి పాలు తోడు పెట్టడానికి అదే చేమిరి. పెరుగు అడుగంటిపోయి తనకు మజ్జిగ నీళ్ళే మిగిలిన రోజున కూడా ఆ చెంచా ముందుగా పక్కకు వెళ్ళాల్సిందే. వంటిల్లంతా ఊడ్చి, తోమి, కడిగేసి ఆమె బస్సుకు బయలుదేరుతుంది. ఆ గిన్నె ఒక్కటి కడగదు.

కస్తూరి మా పెద్దమ్మ పంకజమ్మ కూతురు. బడిలో రాయించిన పేరు కస్తూరమ్మ, మా అవ్వ పేరు. తమిళనాడులో, గుడియాత్తంలో మా ఇళ్ళు ఒకే సందులో ఉంటాయి. పెదనాన్న గుణశేఖరం మేస్త్రీ. పళ్ళికొండ దగ్గర హైవే పక్కన ఉన్న హోటళ్ళలో సగానికి గోడలు లేపింది ఆయనా ఆయన తమ్ముళ్ళూనే. పెద్దమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పనికి పోయేది. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. కస్తూరికి తెలుగు అక్షరాలు రావు. తెలుగులో ఏదైనా గుర్తుగా రాసుకోవాలంటే తమిళ లిపిలో రాసుకుంటుంది.

ప్లస్ టూ పూర్తయినప్పుడు ఆమెకు సర్కారు లాప్‌టాప్ వచ్చింది, మూత మీద ముఖ్యమంత్రి బొమ్మతో. ఇంట్లో అప్పటికే సర్కారు మిక్సీ, సర్కారు గ్రైండరు ఉన్నాయి. వాటి పక్కనే గూట్లో దాన్ని పెట్టి పెద్దమ్మ పసుపు రాసింది. కంప్యూటరు డిగ్రీ చదివి కస్తూరి కాట్పాడిలో ఒక చిన్న కంపెనీలో చేరింది. యూనివర్సిటీ పిల్లలు గుమిగూడే జ్యూస్ అంగడి మీద మేడ. యజమాని బాలచంద్రన్. చుట్టుపక్కల కార్ఖానాలకు హాజరు యంత్రాలు, బిల్లు యంత్రాలు అమ్మి, వాటిలో నడిచే సాఫ్ట్‌వేరు తనే రాయించేవాడు.

రాసేవాళ్ళు వేరే. కస్తూరి పని వాళ్ళు రాసిన ముక్కలన్నీ ఒక యంత్రంలో కూర్చి, పనిచేసే ఒక పొట్లంగా తయారుచేయించడం. దాన్ని బిల్డ్ అంటారు. ఆ కూర్పులో వడ్రంగి దగ్గర చెక్కపొట్టు రాలినట్టు మధ్యలో పుట్టిన ఫైళ్ళు ఎన్నో మిగిలిపోతాయి. వదిలేస్తే చోటు నిండిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, నిన్నటి పాత ముక్క ఒకటి ఇవాళ్టి పొట్లంలోకి దూరి ఎక్కడో కార్ఖానాలో తప్పు లెక్క చూపిస్తుంది. మొత్తం తుడిచేద్దామంటే మళ్ళీ మొదటినుంచి కూర్చడానికి సగం రోజు పోతుంది. అందుకని ఏవి తుడవాలో, ఏవి ముట్టకూడదో యంత్రానికి ముందే రాసిపెట్టాలి. ప్రతి సాయంత్రం ఆరింటికి అది తనంతట తానే ఆ ప్రకారం తుడుచుకునేలా కస్తూరి అమర్చింది.

ఒక ఆదివారం ఈ సంగతి వాళ్ళ నాన్నకు చెప్తుంటే నేను అక్కడే ఉన్నాను.

"నీ పని ఏందో నాకిప్పుడు తెలిసిందమ్మా," అన్నాడు పెదనాన్న. "సెంట్రింగ్ విప్పేది. అంతే గదా?"

"అంతే నాయనా. పలకలు విప్పల్ల, గుంజలు ఉంచల్ల. అది రాసిపెడితే మిషనే విప్పుకుంటాది."

"అమ్మో, మిషన్ని నమ్ముకోని సెంట్రింగ్ విప్పేదా? విప్పేటప్పుడు పక్కన మనిషి నిలబడల్ల తల్లీ. ఒక్క గుంజ ముందుగా లాగితే స్లాబు నెత్తిన పడతాది."

"కంప్యూటర్లో నెత్తిన పడేదానికి ఏముండాది నాయనా?"

"ఏమో మరి. నాకు తెలిసింది నేను చెప్పినా."

పెద్దమ్మ పనిచేసే కార్ఖానా గేటు దగ్గర హాజరు యంత్రం పెట్టింది కూడా బాలచంద్రన్ కంపెనీయే. అంతకుముందు హాజరు సూపర్‌వైజరు శంకరలింగం చేతిలో ఉండేది. పుల్లలు పేర్చే పనికి కూలి ఎక్కువ, లేబుల్ అతికే పనికి తక్కువ. ఎవరు ఏ పని చేశారన్నది ఆయన పెన్సిల్ ఎటు తిరిగితే అటు. తనను చూసి నవ్వినవాళ్ళు పుల్లలు పేర్చినట్టు, మూతి ముడుచుకున్నవాళ్ళు లేబుల్ అతికినట్టు. యంత్రం వచ్చాక ఆడవాళ్ళు తామే వేలు పెట్టి, తామే పని నొక్కి లోపలికి పోవచ్చు.

కానీ యంత్రం మాట్లాడే తమిళం వాళ్ళకు అర్థం కాలేదు. అది చెన్నైలో ఎవరో వార్తలు చదివే అమ్మాయి గొంతు. 'పణిప్పిరివైత్ తేర్వు చెయ్యవుం' అనేది, పని విభాగాన్ని ఎంచుకోండి అని. ఆ తర్వాత విభాగం ఒకటి, విభాగం రెండు, విభాగం మూడు. పుల్లలనీ పెట్టెలనీ అనదు. కార్ఖానా యజమాని పెరియస్వామి పార్టీలో ఉన్న మనిషి, వేదికల మీద మాట్లాడే మనిషి. తన గేటులో శుద్ధమైన తమిళమే వినిపించాలని ఆయన కోరిక. రెండో భాష ఇంగ్లీషు. తెలుగువాళ్ళ సంగతి సరే, పుట్టు తమిళులైన జయ, పొన్నమ్మ కూడా ఆ గొంతు విని దిక్కులు చూసేవాళ్ళు. చివరికి అందరూ శంకరలింగాన్నే పిలిచేవాళ్ళు. ఆయన వచ్చి తనకు తోచింది నొక్కేవాడు.

పెద్దమ్మ ఇంటికొచ్చి ఇది చెప్పిన వారంలో కస్తూరి రంగనాయకమ్మను ఇంటికి పిలిచింది. రంగనాయకమ్మ పెద్దమ్మతోపాటు పుల్లలు పేర్చే మనిషి. ఆమె షెడ్డులో మాట్లాడితే గేటులో వినపడుతుంది.

"నా గొంతా?" అన్నది రంగనాయకమ్మ. "నా గొంతుకు జడిసి మా ఇంటాయనే యాడికో పారిపోయినాడు. మిషన్ ఎట్ల తట్టుకుంటాదమ్మా?"

"నువ్వు చెప్పత్తా. బొటనవేలు పెట్టండి అను."

"పెట్టండి ఏందిమే? నేనేమన్నా కలెక్టరాఫీసులో ఉండానా?"

గొంతు సవరించుకుని తన పద్ధతిలో తనే చెప్పింది. "ఏమ్మా, వేలు తుడుచుకోని పెట్టు. మందు అంటుకోనుంటే కనపడదు. ఈ పొద్దు యా పని? ఇది పుల్లలు పేర్చేది. ఇది పెట్టెలు నింపేది. ఇది లేబుల్ అతికేది. ఆఁ, అయిపాయ. లోపలికి పో. మాట్లాడతా నిలబడొద్దు, వెనక మంది ఉండారు."

పెద్దమ్మ నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ మాటలను కస్తూరి ముక్కలు ముక్కలుగా ఫైళ్ళు చేసి బిల్డ్ యంత్రంలో ఒక ఫోల్డరులో పెట్టింది. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చేమిరి అని రాసింది. అసలు ప్రోగ్రాములు దాచే చోట పెట్టాలంటే బాలచంద్రన్‌ను అడగాలి. ఒకసారి మాటవరసకు అడిగితే, "మన రాష్ట్రానికి రెండు భాషలు చాలమ్మా," అన్నాడట. మళ్ళీ అడిగే ధైర్యం ఆమెకు లేదు. అందుకని మిగిలిపోయిన ఫైళ్ళ మధ్యనే, వాటిలో ఒకటిగా, దాన్ని ఉంచింది. సాయంత్రం తుడిచేటప్పుడు ముట్టకూడని వాటిలో ఆ పేరు చేర్చింది. బిల్డుకు ఒక మాట చెప్పింది. చేమిరి ఉంటే కలుపుకో, లేకపోతే ఊరకే ముందుకు పో, కేక పెట్టొద్దు. కేక పెడితే అది అందరి కంటా పడుతుంది కదా.

తర్వాతి పొట్లంతో గేటు తెర మీద తమిళం, ఇంగ్లీషు మీటల పక్కన మూడో మీట వచ్చింది, ఒక గిన్నె బొమ్మతో. ఆడవాళ్ళు దాన్ని గిన్నె అనేవాళ్ళు. గిన్నె నొక్కితే రంగనాయకమ్మ పలికేది. మొదటి రోజు వరసలో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. అక్కడే నిలబడ్డ రంగనాయకమ్మ, "నన్నేం చూస్తారు? అది చెప్పింది చెయ్యండి," అన్నది. తెలుగువాళ్ళ పక్కన కూర్చుని కూర్చుని తెలుగు వచ్చేసిన జయ, పొన్నమ్మ కూడా గిన్నే నొక్కేవాళ్ళు. ఏడాదికి పైగా అలా నడిచింది. అది కంపెనీవాళ్ళే పెట్టారని శంకరలింగం అనుకున్నాడు. పెరియస్వామి వేలూరులో ఉండేవాడు, గేటు దగ్గర నిలబడి విన్నవాడు కాదు. కస్తూరి ఫోనులోని అసలు రికార్డింగులు చోటు చాలక తీసేసింది. సర్కారు లాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి మూలపడింది. రంగనాయకమ్మ గొంతు ఉన్నది ఆ ఒక్క ఫోల్డరులోనే.

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు పనిముట్లను కడిగి పూజలో పెడితే మర్నాటి దాకా ముట్టరు. పెదనాన్న తాపీ పని చేసే కరణె, తూకుగుండు దేవుడి ముందు పెట్టాక ఎవరింట్లో నీళ్ళ తొట్టి పగిలినా కదలడు. ఒకసారి ఒక సేటు కారు పంపించి బతిమాలుకున్నాడు. "కరణె సామి దగ్గర ఉండాది, నా దగ్గర లేదు," అన్నాడు పెదనాన్న. కస్తూరి అది చూస్తూ పెరిగిన పిల్ల.

ఆఫీసులో మూడు రోజుల ముందునుంచే శుభ్రాలు. పాత డబ్బాలు, తెగిన వైర్లు, చెదలు పట్టిన కాగితాలు కిందికి దిగాయి. పాతదేదీ ఉండకూడదని బాలచంద్రన్ అందరికీ చెప్పాడు. కొత్తగా చేరిన రాజమాణిక్యం అనే కుర్రవాడు ఆ మాట మనసులో గట్టిగా పెట్టుకున్నాడు.

పూజ సాయంత్రం ఐదు దాటాక మొదలైంది. కంప్యూటర్లన్నింటికీ గంధం, కుంకుమ. బిల్డ్ యంత్రం కీబోర్డు మీద చామంతి పూలు. బాలచంద్రన్ తల్లి రాజాంబాళ్ కుర్చీ వేయించుకుని ఎవరెక్కడ నిలబడాలో చెప్తున్నది. హారతి అయింది. కస్తూరి ఆకు దొప్పలో సుండల్ గుగ్గిళ్ళు పట్టుకుని నిలబడి ఉంటే రాజమాణిక్యం పక్కకు వచ్చాడు. ఆఫీసులో అందరి మాటా తమిళమే.

"అక్కా, మెషీన్ కూడా శుభ్రం చేశాను, చూశారా? మీ 'ముట్టకూడనివి'లో ఏదో పేరుంది, నాకు నోరు తిరగలేదు. మన ప్రాజెక్టుల్లో ఆ పేరే లేదు. ఆ వరస తీసేశాను."

"ఫోల్డరు తీసేశావా?"

"నేనెందుకు తీయడం? ఆరింటికి అదే తుడుచుకుంటుంది కదా. ఎంత బాగా పెట్టారక్కా!"

కస్తూరి గోడ గడియారం చూసింది. ఇంకా కొన్ని నిమిషాలున్నాయి. ఆ పేరు మళ్ళీ రాస్తే చాలు, ఒక్క వరస. దొప్ప బల్ల మీద పెట్టి యంత్రం వైపు నడిచింది.

"ఏయ్ పిల్లా!" అన్నది రాజాంబాళ్. "ఎక్కడికి? పూజలో పెట్టినదాని మీద చెయ్యి వేస్తారా?"

"ఒక్క నిమిషం పాట్టీ. ఒకటి సరిచేసి వస్తాను."

"ఒక్క నిమిషమే అని లేపితే సరస్వతి మళ్ళీ వచ్చి కూర్చుంటుందా? మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా? రేపు పొద్దున చూసుకో."

అందరూ తిరిగి చూశారు. బాలచంద్రన్ కూడా చూశాడు. "ఏమిటి కస్తూరీ? అంత తొందరేమిటి?"

చెప్పాలంటే ఆ ఫోల్డరు ఏమిటో చెప్పాలి. అందరిముందూ, పూజ మధ్యలో, తను ఏడాదిగా దాచిన దాన్ని. ఆమె చెయ్యి కీబోర్డుకు జానెడు దూరంలో ఉంది. కుంకుమ ఇంకా తడిగానే ఉంది. తర్వాత నాతో అన్నది, సారంటే భయంతో కాదు, ఆ కుంకుమ మీద వేలు పెట్టడానికే తనకు మనసు రాలేదని. నాన్న కరణె గుర్తుకొచ్చిందట. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏం లేదు సార్."

ఆరయింది. మూలన యంత్రం ఫ్యాను గట్టిగా తిరగసాగింది. గది నిశ్శబ్దంగా ఉండడంతో అందరికీ వినిపించింది.

రాజాంబాళ్ చేతులు జోడించింది. "చూశారా, సామి వచ్చినట్టు ఎలా పలుకుతోందో!"

మర్నాడు విజయదశమి. పూజలో పెట్టిన పనిముట్టుతో ఆ పొద్దున మంచి పని ఒకటి మొదలుపెట్టాలి. బాలచంద్రన్ స్నానం చేసి వచ్చి తన చేత్తోనే బిల్డ్ మీట నొక్కాడు. అది ఎక్కడో ఒకచోట ఆగిపోతే బాగుండునని కస్తూరి అనుకుంది. ఆగితే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పవచ్చు. ఆగలేదు. చేమిరి లేకపోతే ఊరకే ముందుకు పొమ్మని నేర్పింది తనే కదా. పచ్చ గుర్తు వచ్చింది. బాలచంద్రన్ అందరికీ జాంగ్రీ పంచాడు. కొత్త పొట్లం కార్ఖానాలన్నింటికీ వెళ్ళింది.

పండగ తర్వాత కార్ఖానా తెరిచిన రోజు గేటు దగ్గర వరస కదలలేదు.

"గిన్నె యాడమే?" అన్నదట పెద్దమ్మ.

"ఎవురో ఎత్తుకొని పొయ్యినారు," అన్నది వెనకనుంచి పొన్నమ్మ. "పండగపూట గిన్నెలు బయట పెడితే అంతే."

శంకరలింగం తన కుర్చీలోంచి లేచాడు. ఆయనకు వచ్చీరాని తెలుగు. "రండమ్మా, రండి. మళ్ళా నా దగ్గరికే వచ్చినారా? వేలు పెట్టండి, మిగతాది నేను చూస్తా."

అప్పుడు రంగనాయకమ్మ వరసలోంచి బయటికి వచ్చి యంత్రం పక్కన నిలబడింది. ఒకటి పుల్లలు, రెండు పెట్టెలు, మూడు లేబుల్ అని కస్తూరిని ఫోనులో అడిగి తెలుసుకుంది. చెన్నై అమ్మాయి గొంతు 'ఒండ్రు' అని ఒకటి చెప్పగానే రంగనాయకమ్మ, "ఇది పుల్లలు పేర్చేది!" అని అరిచేది. మందు అంటుకున్న వేలు కనపడితే, "తుడుచుకోని పెట్టమ్మా, ఎన్ని మార్లు చెప్పల్ల?" అనేది. చివర్లో, "మాట్లాడతా నిలబడొద్దు, వెనక మంది ఉండారు," అని కూడా వదలకుండా అనేది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ లోపలికి పోయేవాళ్ళు. మర్నాడూ అంతే. శంకరలింగం ఓర్చుకుని, ఓర్చుకుని, గేటు దగ్గర ఆడవాళ్ళు తెలుగులో గలాటా చేస్తున్నారని పెరియస్వామికి ఫోను చేశాడు. ఇన్నాళ్ళూ యంత్రంలో తెలుగు ఉండేదన్న సంగతి ఆయనకు అలా తెలిసింది.

ఆ లోపల కస్తూరి ఆదివారం రంగనాయకమ్మ చేత మళ్ళీ అన్నీ చెప్పించింది. "ఈతూరి ఇంకా బాగా చెప్పినా," అన్నది రంగనాయకమ్మ. ఈసారి దాచదలచుకోలేదు. సోమవారం తనే బాలచంద్రన్ గదిలోకి వెళ్ళింది. ఆయన అప్పుడే పెరియస్వామితో మాట్లాడి ఫోను పెట్టాడు.

"ఆ తెలుగు పెట్టింది నువ్వా?"

"అవును సార్. పొరపాటున తుడిచిపెట్టుకుపోయింది. మళ్ళీ తెచ్చాను. మీరు సరే అంటే అసలు చోటనే పెడతాను."

ఆయన ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వు తెలుగా? తమిళం ఇంత బాగా మాట్లాడతావే!"

మా ఇళ్ళలో మూడు తరాలుగా వింటున్న మాట అది.

"పెరియస్వామి సార్ పార్టీలో పెద్ద పోస్టు కోసం చూస్తున్నారు," అన్నాడు బాలచంద్రన్. "ఆయన గేటులో తెలుగు వినిపిస్తే ఎదుటి వర్గం పోస్టర్లు వేయదా? ఇంకో నాలుగు కార్ఖానాలు ఆయన మాట మీదే మనకు రావాలి."

"తమిళ ఆడవాళ్ళు కూడా అదే నొక్కేవాళ్ళు సార్. వాళ్ళకూ అదే అర్థమయ్యేది."

"అదే ఇంకా పెద్ద తప్పు కదమ్మా!"

మళ్ళీ తనే మెత్తగా అన్నాడు. "నీ మీద నాకు కోపం లేదు. పని బాగా చేస్తావు. పోయింది కదా, పోనీ. ఇకమీద ఏది ఉంచాలో నేను చెప్తాను, అదే ఉంచు. ఇష్టం లేకపోతే చెప్పు, రాజమాణిక్యం కూడా నేర్చుకుంటున్నాడు."

పెదనాన్న అప్పటికి నడుము నొప్పితో పనికి పోవడం తగ్గించాడు. నెల తిరిగేసరికి ఇంట్లోకి తప్పకుండా వచ్చే జీతం కస్తూరిది ఒక్కటే. ఆమె రంగనాయకమ్మ గొంతున్న పెన్‌డ్రైవ్ సంచిలో వేసుకుని తన బల్ల దగ్గరికి వచ్చింది.

గేటులో పని ఆగుతున్నదని చెప్పి రంగనాయకమ్మను వెనక షెడ్డుకు మార్చారు. దానికి దారి వేరే వైపు. విభాగాల నంబర్లు కూడా మారుస్తూ పోయారు. ఒకటి ఇప్పుడు పుల్లలు కాదు. మళ్ళీ శంకరలింగమే వచ్చి నొక్కడం మొదలైంది. పెద్దమ్మ పొద్దంతా పుల్లలు పేర్చిన రోజులు లేబుల్ కింద పడసాగాయి. అడిగితే ఆయన రెండు చేతులూ పైకెత్తేవాడు.

"నేనేం చేసేది పంకజమ్మా? మిషన్ చెప్పింది. కావాలంటే మీ పాపనే అడుగు, వాళ్ళ కంపెనీదే గదా."

పెన్సిల్ కాలంలో ఆయనను తిట్టడానికైనా ఉండేది. పెద్దమ్మ ఒకరోజు సంచి తీసుకుని గేటు బయటికి వచ్చేసింది, మళ్ళీ పోలేదు. ఎందుకు మానేశావని కస్తూరి అడగలేదు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. పెదనాన్న మాత్రం ఒకసారి గోడకు ఆనుకుని కూర్చుని, "పక్కన మనిషి నిలబడల్ల అని ఆపొద్దే చెప్పినా," అన్నాడు. కస్తూరి లేచి లోపలికి పోయింది. "నేను నిలబడే ఉండా నాయనా," అని లోపల్నుంచి ఆమె అన్నది నాకు వినిపించింది, ఆయనకు వినిపించలేదు.

పెరియస్వామికి ఆ పోస్టు వచ్చింది. ఆయన ఫ్లెక్సీలు కాట్పాడి దాకా వెలిశాయి. రాజమాణిక్యం బెంగుళూరులో మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. వెళ్తూ అక్కకు పెన్ను ఒకటి ఇచ్చి వెళ్ళాడు. ఆ ఫోల్డరు ఏమిటో అతనికి చివరిదాకా తెలియదు.

పెద్దమ్మ ఇప్పుడు ఇంట్లోనే అట్టపెట్టెలు అతుకుతుంది. రంగనాయకమ్మ వెనక షెడ్డులో పుల్లలు ఆరబెడుతుంది. కస్తూరి అదే జ్యూస్ అంగడి మేడ మీద, అదే పనిలో ఉంది. బిల్డ్ యంత్రం రోజూ సాయంత్రం ఆరింటికి తుడుచుకుంటుంది. ముట్టకూడనివిగా బాలచంద్రన్ చెప్పి రాయించిన ఫోల్డరు ఒకటి ఉంది. అందులో ఉన్నవి ఆ ఏటి ఆయుధపూజ ఫొటోలు.